గాడిద పార్టీ, ఏనుగు పార్టీ, మధ్యలో అమెరికా రైతు

భీమవరం చెరువు గట్ల మీదా, ఆదిలాబాద్ పత్తి యార్డులోనూ ఒకే మనిషి పేరు వినపడటం అరుదు. 2025 ఆగస్టు నుంచి ట్రంప్ పేరు అలా వినపడింది. ఆ నెల 27న మన సరుకుల మీద అమెరికా వేసిన సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యల కౌంటు ధరలు పడిపోయాయి. అంతకు వారం ముందే, 19న, విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఢిల్లీ ఎత్తేసింది. మొదట సెప్టెంబరు వరకే అన్నారు, తర్వాత డిసెంబరు దాకా పొడిగించారు. అంటే మన పత్తి యార్డుకు వచ్చే రోజులన్నీ అందులోకే వచ్చాయి.

అప్పటినుంచి సంఘం సమావేశాల్లో ఒకటే ప్రశ్న: బైడెన్ ఉంటే ఇలా జరిగేదా? అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఇళ్లకు ఫోన్ చేసినప్పుడు కూడా ఇదే వాదన. అంతా రిపబ్లికన్ల పాపం అంటాడొకడు. డెమోక్రాట్లు పాడుచేసిపోయిన దేశాన్ని ఈయన బాగుచేస్తున్నాడంటాడు ఇంకొకడు. పత్రికలో దీని మీద రాయమని కొందరు అడిగారు. రాస్తున్నాం, అయితే ట్రంప్ ఒక్కడి గురించే కాదు.

రొయ్య సంగతే ముందు చూడండి. మన రొయ్యల మీద డంపింగ్ నిరోధక సుంకం వేయమని అక్కడి రొయ్యల వేటగాళ్లు 2003 చివర్లో అడిగితే 2005లో వేసింది బుష్ ప్రభుత్వం. ఆయన రిపబ్లికన్. తర్వాత వచ్చిన డెమోక్రాట్ ఒబామా దాన్ని తీసేయలేదు. మన ప్రభుత్వం ఇచ్చే రాయితీలకు విరుగుడంటూ ఇంకో 5.77 శాతం వేసింది 2024లో, బైడెన్ హయాంలో. ట్రంప్ 50 శాతం ఈ రెండింటి మీదా వచ్చి పడింది. దెబ్బ పెద్దదే, కాదనం. కానీ ట్రంప్ రాకముందు మన రొయ్యకు అమెరికాలో ఎర్ర తివాచీ పరిచి ఉందనుకోవడం పొరపాటు.

ఇక అసలు విషయం. ఈ రెండు పార్టీల మధ్య మనకంటే ముందు, మనకంటే ఎక్కువగా నలిగినవాడు అమెరికా రైతే. వాడికేం, సబ్సిడీలు మింగి మన పత్తి ధర పడగొట్టేవాడే కదా అనే కోపం మనలో చాలామందికి ఉంది. అందులో నిజమూ ఉంది. అయినా ఈ లెక్క వినండి. 1935లో ఆ దేశంలో 68 లక్షల వ్యవసాయ క్షేత్రాలుండేవి. 2022 లెక్కల్లో తేలినవి 19 లక్షలు. ఈ మధ్యకాలంలో తెల్ల సౌధంలో డెమోక్రాట్లూ కూర్చున్నారు, రిపబ్లికన్లూ కూర్చున్నారు. నల్లజాతి రైతుల లెక్క ఇంకా ఘోరం. 1920లో 9 లక్షల పైచిలుకు ఉన్నవాళ్లు ఇప్పుడు 50 వేలలోపు మిగిలారు. వ్యవసాయ శాఖే అప్పులివ్వడంలో వివక్ష చూపిందని వాళ్లు కోర్టుకెక్కితే 1999లో రాజీ కుదిరింది. 2021లో బైడెన్ ప్రభుత్వం రుణమాఫీ చట్టం చేస్తే కోర్టులు ఆపాయి, మరుసటి ఏడాది ఆ చట్టాన్నే తీసేశారు.

ఎవరి హయాంలో ఏం జరిగిందో కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం. నిక్సన్ ప్రభుత్వంలో ఎర్ల్ బట్జ్ అని వ్యవసాయ మంత్రి ఉండేవాడు. 1972లో రష్యా పెద్ద ఎత్తున గోధుమ కొనేసరికి ధరలు లేచాయి. గట్టు నుంచి గట్టు దాకా విత్తండి, సన్నకారు సేద్యం వదిలి పెద్దవాళ్లు కండి అని ఆయన రైతులకు నూరిపోశాడు. రైతులు నమ్మారు. అప్పు చేసి భూమి కొన్నారు, పెద్ద ట్రాక్టర్లు కొన్నారు. అదే నిక్సన్ ప్రభుత్వం 1973 జూన్‌లో, దేశంలో ధరలు పెరుగుతున్నాయని సోయా ఎగుమతులు ఆపేసింది. అమెరికా సోయాను నమ్ముకున్న జపాన్ బెదిరిపోయి బ్రెజిల్లో సోయా సాగుకు డబ్బు పెట్టడం మొదలెట్టింది. ఈనాడు చైనా అమెరికాను కాదని సోయా కొంటున్నది ఆ బ్రెజిల్ దగ్గరే.

తర్వాత కార్టర్ వచ్చాడు. డెమోక్రాట్. అన్నిటికీ మించి రైతు, జార్జియాలో వేరుశనగ పండించిన కుటుంబం. మన అనంతపురం వాళ్ల పంటే! ఆయన వ్యవసాయ మంత్రి బెర్గ్‌లాండ్ కూడా రైతే. మన కష్టం తెలిసినవాళ్లు వచ్చారని అక్కడి రైతులు సంబరపడ్డారు. 1979 ఫిబ్రవరిలో అదే రైతులు వేల ట్రాక్టర్లతో వాషింగ్టన్ నడిబొడ్డుకు చేరారు. వాళ్లు అడిగిందల్లా ‘పారిటీ’, అంటే పెట్టే ఖర్చు పెరుగుదలకు సమానంగా పంట ధర. మనం స్వామినాథన్ సిఫార్సు అమలు చేయమని అడుగుతున్నట్టే. అది రాలేదు. వచ్చింది ఇంకొకటి. రష్యా అఫ్గానిస్తాన్‌లోకి సైన్యాన్ని పంపిందని 1980 జనవరి 4న కార్టర్ 1.7 కోట్ల టన్నుల ధాన్యం అమ్మకం ఆపేశాడు. రష్యాకు శిక్ష అన్నాడు. రష్యా అర్జెంటీనా దగ్గర కొనుక్కుంది. శిక్ష పడింది కాన్సాస్, అయోవా రైతులకు.

రీగన్ ఆ కోపాన్నే ఓట్లు చేసుకున్నాడు. నిషేధం ఎత్తేస్తానన్నాడు, 1981 ఏప్రిల్లో ఎత్తేశాడు కూడా. ఆ ఒక్కమాట నిలబెట్టుకున్నాడు. కానీ పోయిన బేరం తిరిగి రాలేదు. మరోపక్క వడ్డీ. బ్యాంకుల ప్రధాన రేటు 1980 చివర్లో 21 శాతం దాటింది. ఆ వడ్డీ పెంచిన వోల్కర్‌ను కేంద్ర బ్యాంకులో కూర్చోబెట్టింది కార్టర్, కొనసాగించింది రీగన్. బట్జ్ మాట విని అప్పు చేసిన రైతు ఇక్కడ దొరికిపోయాడు. అయోవాలో భూమి ధర 1981 నుంచి 1986 లోపు సగానికి పైగా పడిపోయింది. పొలాలు వేలానికి వచ్చాయి. ఆత్మహత్యలు జరిగాయి. వేలంలో పోయిన కమతాలకు గుర్తుగా కోర్టుల ముందు తెల్ల శిలువలు పాతారు. 1985 మార్చిలో రైతులకు అత్యవసర అప్పుసాయం కోసం కాంగ్రెస్ పంపిన బిల్లును రీగన్ తిప్పికొట్టాడు. అదే నెలలో విలేకరుల విందులో, ధాన్యం ఉంచుకుని రైతుల్నే ఎగుమతి చేస్తే సరి అని జోకు వేశాడు. విందులో ఉన్నవాళ్లు నవ్వి ఉంటారు.

ఈ కథ డెమోక్రాట్ చెప్తే రీగన్ వీటో దగ్గర మొదలెడతాడు. రిపబ్లికన్ చెప్తే కార్టర్ నిషేధం దగ్గర మొదలెడతాడు. నిక్సన్ సోయా నిషేధం ఇద్దరికీ గుర్తుండదు. ఎవరి చిట్టా పుస్తకంలోనూ ఎదుటివాడి పద్దు తప్ప ఉండదు.

మరీ విచిత్రం, కొన్ని పనులు ఇద్దరూ కలిసే చేస్తారు. 1930ల నుంచి ఉన్న ధరల రక్షణనూ, సాగు విస్తీర్ణం మీద అదుపునూ సడలించిన 1996 చట్టం రిపబ్లికన్ కాంగ్రెస్ రాసింది, డెమోక్రాట్ క్లింటన్ సంతకం పెట్టాడు. దాని పేరు ‘సాగు స్వేచ్ఛ’! రెండేళ్లు తిరక్కుండానే ధరలు కూలి, అత్యవసర సాయం పేరుతో ఏటా డబ్బులు పంచాల్సి వచ్చింది. పత్తి సంగతీ అంతే. అమెరికా పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లి గెలిచింది. బుష్ సబ్సిడీ మానలేదు. ఒబామా వచ్చాకా మానలేదు, పైగా 2010లో బ్రెజిల్ పత్తి రంగానికి ఏటా 14.7 కోట్ల డాలర్లు ఇస్తాం, ఊరుకోండని ఒప్పందం చేసుకున్నాడు. 2014లో మరో 30 కోట్లు ఇచ్చి కేసు ముగించారు. అమెరికా జనం పన్నులతో తమ పత్తి రైతుకూ, బ్రెజిల్ పత్తి రైతుకూ డబ్బు! ఆదిలాబాద్, కర్నూలు రైతుకు మాత్రం పడిపోయిన ధర.

ఒబామా మీద ఆశ పెట్టుకున్నవాళ్లలో కోళ్ల రైతులున్నారు. మన దగ్గర ఇంటిగ్రేషన్ పద్ధతిలో పిల్ల, మేత కంపెనీవి, షెడ్డూ అప్పూ రైతువి అయినట్టే అక్కడా. 2010లో న్యాయశాఖ, వ్యవసాయ శాఖ కలిసి రాష్ట్రాలకు వెళ్లి బహిరంగ విచారణలు పెట్టాయి. కంపెనీ కక్ష కడుతుందని తెలిసీ రైతులు మైకు ముందుకొచ్చి మాట్లాడారు. ఆ తర్వాత మాంసం కంపెనీల ఒత్తిడితో కాంగ్రెస్ ఏటా నిబంధనలకు అడ్డుపుల్ల వేసింది. చివరికి 2016 డిసెంబరులో, దిగిపోయే ముందు, ఏదో మిగిలింది తెచ్చారు. 2017లో ట్రంప్ ప్రభుత్వం అందులో ముఖ్యమైనదాన్ని పక్కన పడేసింది. ఒకరు ఆలస్యం చేసి చంపారు, ఇంకొకరు నేరుగా చంపారు.

2008లోనూ 2012లోనూ ఒబామాను గెలిపించిన అయోవా ఆ తర్వాత వరసగా మూడుసార్లు ట్రంప్‌కు వేసింది. చదువులేక మోసపోయారని పట్నం పెద్దలు వెటకారం చేస్తారు. మాకలా అనిపించదు. ఒకరితో విసిగినవాడికి రెండో గుమ్మం తప్ప మూడోది కనపడని చోట ఇంకేం చేస్తాడు? ఆ రెండో గుమ్మంలో దొరికిందేమిటి? 2018లో చైనాతో సుంకాల పోరు. సోయా బేరం పోయింది. నష్టపరిహారంగా రెండేళ్లలో 2,800 కోట్ల డాలర్లు ప్రకటించారు. బైడెన్ వచ్చి చైనా మీద ఆ సుంకాల్లో ఎక్కువ భాగం అలాగే ఉంచాడు. 2025లో మళ్లీ అదే ఆట. కొత్త పంట కోతకొచ్చినా చైనా అమెరికా సోయా వైపు చూడలేదు. సరిగ్గా అప్పుడే అర్జెంటీనాకు 2,000 కోట్ల డాలర్ల ఆసరా ఇస్తామని అమెరికా ఖజానా ముందుకొచ్చింది. అర్జెంటీనా తన ఎగుమతి పన్ను కొద్ది రోజులు ఎత్తేసి ఓడల కొద్దీ సోయా చైనాకు అమ్ముకుంది. ట్రంప్‌కు ఓటేసిన సోయా రైతు కడుపు మండదా? డిసెంబరులో 1,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. అందులో ఎంత ఎరువుల కంపెనీకి, యంత్రాల కంపెనీకి, బ్యాంకుకు పోతుందో ఆ రైతుకు బాగా తెలుసు. పశువుల కోతలో 85 శాతం నాలుగు కంపెనీల చేతిలో ఉంది. ఏ అధ్యక్షుడొచ్చినా ఆ నాలుగూ అక్కడే ఉన్నాయి.

అయితే అక్కడి రైతులు ఎప్పుడూ ఏమీ సాధించలేదా? సాధించారు. 1880లలో టెక్సాస్ నుంచి మొదలైన రైతు కూటములు లక్షల మందితో పెరిగాయి. ప్రభుత్వ గోదాములో పంట పెట్టుకుని, దాని విలువలో 80 శాతం ఒక్క శాతం వడ్డీకి అప్పు ఇవ్వాలని అడిగాయి. మార్కెట్ యార్డులో సరుకు పెట్టి అప్పు తీసుకున్న మన రైతుకు ఇది కొత్త కాదు. 1892లో సొంత పార్టీ పెట్టి అధ్యక్ష ఎన్నికలో పది లక్షల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నారు. 1896లో డెమోక్రాట్ బ్రయాన్ వెంట వెళ్లారు. ఆయన ఓడాడు, ఈ పార్టీ కరిగిపోయింది. కోరిక మాత్రం చావలేదు. పంట మీద అప్పు అనే పద్ధతి 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో మరో రూపంలో వచ్చింది.

ఇంకా బాగా చూడాల్సింది ఉత్తర డకోటా. అక్కడ గోధుమ రైతును మినియాపొలిస్ ధాన్యం వ్యాపారులు, బ్యాంకులు, రైల్వేలు పిండేవి. 1915లో టౌన్లీ అనే దివాలా తీసిన అవిసె రైతు ఊరూరా తిరిగి ‘పార్టీలకతీత సమితి’ కట్టాడు. వాళ్లు కొత్త పార్టీ పెట్టలేదు. పాత పార్టీకి దాసోహమూ అనలేదు. తమ కోరికలకు ఒప్పుకున్న మనుషుల్ని రిపబ్లికన్ పార్టీ లోపలి ఎన్నికల్లోనే నిలబెట్టి గెలిపించుకున్నారు. 1916లో ఫ్రేజియర్ అనే రైతు గవర్నరయ్యాడు. 1919లో రాష్ట్ర ప్రభుత్వ బ్యాంకు వచ్చింది. 1922లో గ్రాండ్ ఫోర్క్స్‌లో ప్రభుత్వ పిండిమిల్లు తిరగడం మొదలైంది. వ్యాపారులు ఊరుకోలేదు, 1921లోనే ఆ గవర్నరును మధ్యలో దింపేశారు. సమితి కూడా తర్వాత చెదిరిపోయింది. బ్యాంకూ మిల్లూ మాత్రం వందేళ్లుగా నడుస్తున్నాయి. ట్రంప్‌కు కళ్లు మూసుకుని ఓటేసే రాష్ట్రం అది. అక్కడి రిపబ్లికన్ పాలకులు ప్రభుత్వ బ్యాంకును అమ్మేస్తామనే మాట ఎత్తలేరు.

ఇప్పుడు మన పత్తి. పత్తి మీద దిగుమతి సుంకం 2008లో ఎత్తేసింది కాంగ్రెస్ ప్రభుత్వం. 2012 మార్చిలో, ధర కాస్త కళ్లబడుతున్నప్పుడు ఎగుమతులు ఆపిందీ అదే. 2021లో సుంకం వేసింది బీజేపీ ప్రభుత్వం, 2022లో కొన్ని నెలలు, 2025లో మళ్లీ ఎత్తేసింది కూడా అదే. 2023లో తెల్ల బియ్యం ఎగుమతి ఆపిందీ అదే. మన రెండు రాష్ట్రాల్లోని పార్టీలు ఢిల్లీలో ఎవరు అధికారంలో ఉంటే వాళ్లతో ఉండటమో, తిట్టడమో చేశాయి తప్ప, సుంకం ఎత్తేసిన రోజున ఎవరు గట్టిగా అడ్డుపడ్డారు? పొడుగు పింజ పత్తికి 8,110 రూపాయలు మద్దతు ధర ప్రకటించి, తేమ సాకు చెప్పి లారీలు వెనక్కి తిప్పుతుంటే తప్పు మీదంటే మీదని టీవీల్లో అరుచుకున్నారు.

అందుకని సంఘం రాష్ట్ర కమిటీ మూడు ప్రశ్నలతో ఒక కాగితం తయారుచేసింది. పత్తి దిగుమతి సుంకం మళ్లీ వేయాలని పార్లమెంటులో అడుగుతారా? అమెరికాతో ఏ ఒప్పందం చేసినా పత్తి, మొక్కజొన్న, సోయా, పాలు అందులో చేర్చకూడదని రాసిస్తారా? ఎగుమతులు ఆపిన ప్రతిసారీ రైతుకు తేడా సొమ్ము చెల్లించే చట్టం కోసం ఓటేస్తారా? మండల కమిటీలు ఈ కాగితాన్ని ఏ పార్టీ అని చూడకుండా తమ ఎంపీకి, ఎమ్మెల్యేకి ఈ నెలాఖరులోగా ఇచ్చి, అవును కాదు అని సంతకంతో తీసుకోవాలి. నోటిమాట వద్దు. సంతకం పెట్టినవాళ్ల పేర్లూ, పెట్టనివాళ్ల పేర్లూ వచ్చే సంచికలో పక్కపక్కనే వేస్తాం.