మార్గదర్శి మారినపుడు

హాలియా వంటి చిన్న పట్టణపు విద్యార్థికి, 2007లో నల్లగొండలో నెలకొన్న మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము ఉన్నత విద్యను చేరువ చేసినది. కాని పరిశోధనకు భవనములకంటె ఆచార్యులు ముఖ్యము. తెలంగాణ విశ్వవిద్యాలయములలో ఏండ్ల తరబడి నియామకములు జరుగకపోవుటచే, పెద్దలు పదవీ విరమణ చేసినపుడు వారి పరిశోధక విద్యార్థులు నడియేట నిలిచిపోవుచున్నారు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 నిబంధనల ప్రకారము విరమించిన ఆచార్యుడు 70 ఏండ్ల వరకు సహపర్యవేక్షకుడుగా మాత్రమే ఉండవచ్చును. కనుక ప్రధాన పర్యవేక్షకుడు మారవలసినదే. అయితే ప్రొఫెసరుకు 8 మంది, అసోసియేట్ ప్రొఫెసరుకు ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసరుకు నలుగురు విద్యార్థులే పరిమితి. శాఖలో ఉన్న కొద్దిమందికి ఆ సంఖ్య నిండినచో, మిగిలిన విద్యార్థి ఎవరిని ఆశ్రయించవలెను? ఆశ్రయము దొరికినను, క్రొత్త మార్గదర్శి అంశమునే మార్చుమన్నచో గడచిన కాలము వృథా యగును. ప్రవేశమునాటి నుండి లెక్కించు 6 సంవత్సరముల గడువు మాత్రము ఆగదు.

ప్రతి సెమిస్టరులోను పరిశోధన సలహా సంఘమునకు ప్రగతి నివేదిక సమర్పించవలెనని ఆ నిబంధనలే చెప్పుచున్నవి. ఆ నివేదిక లాంఛనముగా ముగియక, జరిగిన పనికి సాక్ష్యముగా నిలువవలెను. విరమణకు ముందే సహపర్యవేక్షకుని నియమించవలెను. ఆచార్యుల ఖాళీలు నిండువరకు విద్యార్థి శ్రమకు ఈ రెండే రక్ష.