డ్రోన్‌కు ధ్రువపత్రం ఉంది, తుంపరకు లేదు

నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిలలో కృష్ణా ఒడ్డున కెమెరా డ్రోన్ ఎగిరితే అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. ఆ ఒడ్డుకు ఎగువన పొలాల్లో మందు కొట్టే డ్రోన్‌ను మాత్రం పనిముట్ల లెక్కలో వేసి వదిలేస్తున్నాం. నిజానికి జాగ్రత్త ఎక్కువ కావలసింది దానికే. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు యంత్రాన్ని బాగానే పట్టించుకున్నాయి. బరువును బట్టి తరగతులు, తయారీ నమూనాకు ధ్రువీకరణ, పైలట్‌కు సర్టిఫికెట్, ప్రమాదం జరిగితే 48 గంటల్లో నివేదిక అన్నాయి. ఇవన్నీ డ్రోన్ కింద పడకుండా చూసే ఏర్పాట్లు. డ్రోన్ నుంచి కింద పడేదాని సంగతి కేంద్ర వ్యవసాయ శాఖ అదే ఏడాది డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలకు మిగిలింది. అవి దేశమంతటికీ ఒకేలా రాసినవి. గద్వాల చేను అందులో కనిపించదు.

గద్వాల ప్రాంతం సీడ్ పత్తికి పేరు. సాయంత్రం మొగ్గల్లోని కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దే క్రాసింగ్ పని వారాల తరబడి సాగుతుంది. ఎక్కువగా ఆడకూలీలే చేసే ఈ పని ఒక్కరోజు కూడా ఆగడానికి లేదు. అంటే ఏ చేనులో మందు కొట్టినా పక్క చేనులో మనుషులు ఉంటారు. చేతి పంపుతో కొడితే ఎకరాకు 150 నుంచి 200 లీటర్ల నీళ్లు పడతాయి. డ్రోన్‌కు పది లీటర్లు చాలు. మందు మోతాదు తగ్గదు కనుక ద్రావణం పదిహేను నుంచి ఇరవై రెట్లు చిక్కగా ఉంటుంది. సన్నని చుక్కలుగా రాలుతుంది కనుక గాలికి పక్కకు పోతుంది. గద్వాల, వనపర్తి పొలాలను కడిగిన వాన నీరు చివరికి చేరేది సోమశిల దగ్గరి శ్రీశైలం వెనుక జలాల్లోకే. ఆ నీటి మీద బతికే మత్స్యకారులను ఇంతవరకు ఈ చర్చకు ఎవరూ పిలవలేదు.

నాజిల్, ఎత్తు, వేగం మారితే చుక్క ఎంత దూరం పోతుందో డ్రోన్ తయారీదారుకు తెలుసు. కొట్టిన ఎన్ని గంటలకు చేనులోకి దిగవచ్చో మందు కంపెనీకి తెలుసు. ఏ చేనులో ఏ పూట కూలీలు ఉంటారో సీడ్ కంపెనీ ఆర్గనైజర్‌కు తెలుసు. ఈ మూడూ కలిస్తే తప్ప పనికొచ్చే ప్రమాణం పుట్టదు. ఢిల్లీ అధికారి ఎంత సమర్థుడైనా ఒంటరిగా రాయలేడు. విమానయానం ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. 1990ల చివర్లో అమెరికాలో విమాన సంస్థలు, తయారీదారులు, పైలట్ల సంఘాలు, ప్రభుత్వం ఒక బృందంగా ఏర్పడి ప్రమాదాల సమాచారాన్ని ఒకచోట చేర్చి విశ్లేషించాయి. పదేళ్లు తిరిగేసరికి అక్కడి వాణిజ్య విమానాల్లో ప్రాణాపాయం 83 శాతం తగ్గింది. మన దగ్గరా 2021లో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయోగం ప్రభుత్వం, కంపెనీలు కలిసి చేసినదే.

కంపెనీలతో నియమాలు రాయిస్తే తమకు అనుకూలంగానే రాసుకుంటాయి కదా అనే అభ్యంతరం తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. బోయింగ్ 737 మ్యాక్స్ ధ్రువీకరణ పనిలో చాలా భాగాన్ని ఆ కంపెనీకే అప్పగించిన ఫలితం 2018, 2019లలో రెండు విమానాలు, 346 ప్రాణాలు. అయితే అక్కడ తప్పు కంపెనీ పరిజ్ఞానాన్ని వాడుకోవడంలో లేదు, తనిఖీని కూడా దాని చేతికే ఇవ్వడంలో ఉంది. ప్రమాణం రాయడంలో పరిశ్రమ కూర్చోవాలి. పరీక్ష వ్యవసాయ విశ్వవిద్యాలయం చేయాలి. శిక్ష ప్రభుత్వం వేయాలి. నమో డ్రోన్ దీదీ పథకం కింద డ్రోన్ అందుకునే మహిళా సంఘాలకు ఇది మోయలేని భారం అవుతుందనే మాటా ఉంది. నిజం అందుకు విరుద్ధం. నియమం లేనప్పుడు పక్క రైతు నష్టపరిహారం అడిగితే నిలబడవలసింది తయారీ కంపెనీ కాదు, ఆ సంఘమే. రాసి ఉన్న ప్రమాణాన్ని పాటించామని చూపగలగడమే ఆ సంఘానికి రక్షణ.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనమూ అక్కర్లేదు. పాలెంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది. వచ్చే వానాకాలం క్రాసింగ్ మొదలయ్యేలోగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కలెక్టర్లు ఈ మూడు రకాల కంపెనీలనూ అక్కడ కూర్చోబెట్టాలి. కూలీలకు, మత్స్యకారులకు కుర్చీ వేయని సమావేశమైతే దాని తీర్మానాన్ని ఈ జిల్లాల ప్రజలు ఒప్పుకోనక్కర్లేదు.