నావలోని బల్ల, ఇంటిలోని చోటు

ఇంట చోటు చాలదను మాట మా చెవిని తరచుగా పడుచుండును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెములలో ఒకటి రెండు గదుల అద్దె యిండ్లలో కాపురముండు తలిదండ్రులు, పిల్లల చదువునకు వేరొక గది యున్న బాగుండునని యందురు. గదిని గూర్చి యోచించుటకు ముందు, ఉన్న గదిలోని వస్తువులను పరీక్షింపుడని మా మనవి. ఈ పాఠము నేర్పుటకు తెరచాప నావ మంచి గురువు.

మనది సముద్రతీరము గాదు. వాడపల్లి సంగమమును, నాగార్జునసాగరమును మనకు పెద్ద నీళ్లు. అయినను 'తారిణి' వృత్తాంతము మన పిల్లలు వినదగినది. సుమారు 55 అడుగుల యా నావలో, వర్తికా జోషి నాయకత్వమున, ఆరుగురు నావికాదళ స్త్రీలు 2017 సెప్టెంబరు 10వ తేదీని గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21వ తేదీని తిరిగివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతియు, హైదరాబాదు బి. ఐశ్వర్యయు మన తెలుగు ఆడుబిడ్డలు. వంటయు, నిద్రయు, పటములు చూచుటయు నన్నియు ఆ యిరుకులోనే.

ఇట్టి నావల గదులలో నడుమ నొక భోజనపు బల్ల యుండుట వాడుక. భోజనమైన పిదప అది దారికడ్డము. కావున నావికులు దానిని మార్చుకొందురు. కొందరు బల్లకు మడతబందులతో రెక్కలు కట్టి, పనిలేనప్పుడు వ్రేలాడదీయుదురు. కొందరు నడిమి బల్లను తీసివేసి, అడ్డుగోడకే పలకను బిగించి మడిచిపెట్టుదురు. మరికొందరు బల్లను క్రిందికి దించి, పైన పరుపు పరచి పడకగా జేసికొందురు.

అయితే అందొక హెచ్చరిక గలదు. అలలకు నావ ఒరిగినప్పుడు మనిషి తూలి పట్టుకొనునది ఆ బల్లనే. దానిని తీసివేసినవాడు బదులుగా గట్టి కమ్మీ యొకటి బిగింపకున్న, కలిసివచ్చిన చోటే యపాయమగును. వస్తువు చేయు పని కొంత కంటికి గానరాదు; దాని నెరిగిన పిమ్మటనే తీయవలెను.

మన యిండ్లలో నీ నియమము తప్పుచున్నది. చుట్టములు వచ్చినను, బియ్యపు బస్తాలు దింపినను, మొదట తొలగునది పిల్లలు చదువుకొను మూల. అది ఆడపిల్లదైనచో అడుగువారే లేరు. చోటు కలిసివచ్చెనని సంతసింతుము. అచట సాగుచుండిన చదువు నిలిచెనని గమనింపము.

కావున మా సలహా యిది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పుగల పలక చాలును. గోడకు మొదట గట్టి బద్దె బిగించి, బద్దెకు మడతబందులతో పలకను జేర్చి, క్రింద మడుచు ఊతలు రెండమర్పవలెను. బందులను గోడపూతలో దిగగొట్టిన నిలువవు. నావబల్లకు వలెనే అంచున సన్నని చెక్కపట్టీ యున్నచో పెన్సిలు జారిపడదు. చేతనైన వడ్రంగికిది పెద్ద పని గాదు.

తలిదండ్రులారా, పగలు పలకను వ్రేలాడనిండు. సాయంకాల మెత్తి ఊత లమర్పుడు. ఎత్తిన వేళ అది చదువుకొను బిడ్డదేయని ఇంటిల్లిపాదియు నొప్పుకొనవలెను. ఆ మాట పెద్దలు నిలుపనిచో, వడ్రంగి చేసిన పని వ్యర్థమే.