పక్క తడిపే పిల్లవాడు

జఫర్‌గఢ్ నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. కొడుక్కి పదేళ్ళు. గురుకుల పాఠశాలలో అయిదో తరగతికి సీటు వచ్చింది. ఇంటిల్లిపాదికీ సంతోషమే, ఒక్క వాడికి తప్ప. చిన్నప్పటి నుంచీ రాత్రిళ్ళు పక్క తడుపుతాడట. నలుగురిలో పడుకోవాలంటే ఏడుపు. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ నాయనమ్మ బెత్తం చూపిస్తారట. "మూత్రవ్యాధుల డాక్టరుకు చూపించాలా, మనసు డాక్టరుకా?" అని ఆ తల్లి ప్రశ్న.

మంచి ప్రశ్నే వేశావమ్మా! ఒకరు మూత్రాశయం చూస్తారు, ఇంకొకరు మనసు చూస్తారు. పిల్లవాడు మాత్రం ఒక్కడే. జర్మనీలో అలెగ్జాండర్ ఫాన్ గొంటార్డ్ అనే వైద్యుడు పిల్లల వైద్యమూ, పిల్లల మనోవైద్యమూ రెండూ నేర్చి, ఈ బాధ మీదనే ఏళ్ళ తరబడి పరిశోధనలు చేశారు.

ఇది మొండితనమూ కాదు, బద్ధకమూ కాదు. పదేళ్ళ పిల్లల్లో నూటికి అయిదుగురికి ఉంటుంది. కొందరికి రాత్రివేళ మూత్రం ఎక్కువ తయారవుతుంది. కొందరి మూత్రాశయం కొద్దిపాటికే నిండుతుంది. ఎంత నిండినా మెలకువ రాదు. తల్లిదండ్రులలో ఒకరికి చిన్నతనంలో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు సగం. నాయనమ్మగారిని నెమ్మదిగా అడిగి చూడు, వాళ్ళబ్బాయి సంగతి!

ముందుగా వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రిలో పిల్లల డాక్టరుకు చూపించు. మూత్రం పరీక్ష చేయిస్తారు. పగలు కూడా తడుపుతాడా, మంట ఉందా, దాహం ఎక్కువా, మలబద్ధకం ఉందా అని అడుగుతారు. మలబద్ధకం కుదిరితే పక్క తడపడం తగ్గిన పిల్లలు ఎందరో! తడి తగలగానే మోగి లేపే గంట ఉన్నది; అమెరికాలో మౌరర్ దంపతులు 1938లో దానిని గురించి ప్రకటించారు. ఓపికగా రెండు మూడు నెలలు వాడితే చాలామందికి నయమవుతుంది. హాస్టలు రోజులకు మాత్రలూ ఉన్నాయి, డాక్టరు చెబితేనే.

ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న పిల్లవాడు మళ్ళీ మొదలుపెడితే మాత్రం, వాడి మనసులో ఏ భయం దూరిందో కూడా చూడాలి. తక్కినవారిలో చాలామందికి మనోవ్యథ వల్ల పక్క తడవదు. పక్క తడవడం వల్లనే మనోవ్యథ. దానికి మన ఎగతాళీ, వాకిట్లో అందరూ చూసేలా ఆరవేసిన బొంతా తోడవుతాయి.

సీటు వదులుకోవద్దు. వార్డెనుతో చాటుగా ఒక మాట చెప్పు. బెత్తం అటక మీద పెట్టించు. పిల్లవాడితో మాత్రం, "ఇది నీ తప్పు కాదురా నాన్నా" అని ఈ రాత్రే చెప్పు.