అలసిన పూట ఏమి తినవలెను?

పత్తి ఏరే రోజులలో గూడూరు చుట్టుప్రక్కల పల్లెలలో రాత్రి వంట ఎట్లుండునో అందరికి తెలిసినదే. చీకటితో లేచి, ఇల్లు ఊడ్చి, వండి, సద్ది కట్టుకొని చేనికి పోయిన తల్లి పొద్దుగూకిన తరువాత ఇల్లు చేరును. కూర తరుగుటకు ఓపిక ఉండదు. ఇంత బియ్యము పొయ్యి మీద పెట్టి, మామిడికాయ తొక్కుతో పూట గడుపును. పిల్లలు కొట్టుకు పరుగెత్తి నూడుల్స్ పొట్లము తెచ్చుకొందురు. మిరప ఏరుట ముగియు వరకు ఇదే వరుస.

దీనిని సోమరితనమని విసుగుకొను పెద్దలు కొందరు గలరు. ఆ మాట నేనొప్పను. పగలంతా నడుము వంచిన మనిషికి రాత్రి వండబుద్ధి కాకపోవుట దేహధర్మము. అయితే ఆ అలసట ఏటేటా అదే నెలలో వచ్చునని మనకు ముందే తెలియును గదా! ఎరువు, విత్తనము ముందుగా సమకూర్చుకొను రైతు ఈ పూటల సంగతి ఏల తలచడు?

2025 ఉగాది నుండి రేషను దుకాణములలో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము వచ్చుచున్నది. కడుపు నిండుటకు అది గొప్ప ఆదరువు. కాని వట్టి అన్నము, తొక్కుతో రక్తము పట్టదు. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కనబడినది. పాలిష్ పట్టిన బియ్యము 100 గ్రాములలో ఇనుము 1 మిల్లీగ్రాము కూడ లేదు. జొన్నలలో సుమారు 4 మిల్లీగ్రాములు కలదు.

కనుక మొదట గటక. జొన్నలను గిర్నిలో రవ్వగా పట్టించి ఉంచుకొనిన, మరిగే ఎసరులో పోసి కలియబెట్టుటయే పని. రాత్రి వేడిగా తిని, మిగిలినది తెల్లవారి చల్లలో కలుపుకొని త్రాగవచ్చును. పైన కాస్త నిమ్మకాయ పిండుకొనిన ఇనుము బాగుగా ఒంటబట్టును. తిన్న వెంటనే టీ త్రాగరాదు, అది ఆ మేలును చెరచును.

నా మట్టుకు సర్వపిండిని మించినది లేదు. రెండు గ్లాసుల బియ్యప్పిండిలో నానిన శనగపప్పు గుప్పెడు, పల్లీలు గుప్పెడు, నువ్వులు, జీలకర్ర, తరిగిన ఉల్లి, కరివేపాకు, కారము, ఉప్పు వేసి నీళ్ళతో ముద్దచేయవలెను. నూనె రాసిన సర్వ లోపల అడుగున, ప్రక్కల పలుచగా ఒత్తి, వ్రేలితో చిల్లులు పొడిచి, చిల్లులలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద వదలవలెను. అది కాలునంతలో స్నానము చేసి రావచ్చును. దీనికి వేరే కూర అక్కరలేదు. పప్పు, నూనెగింజ అందులోనే ఉన్నవి. కాలిన సర్వలో వెంటనే రెండవ ముద్ద ఒత్తిన చేయి కాలును, కనుక రెండు సర్వలుండుట మేలు.

అన్నమే కావలెనన్నచో పచ్చిపులుసు చేసికొనవచ్చును. చింతపండు రసములో ఉల్లి, కాల్చిన పచ్చిమిర్చి, వేయించిన నువ్వుల పొడి కలిపిన చాలును. ఇందులో పప్పు లేదు గనుక ఉడికించిన కోడిగ్రుడ్డు ఒకటి తోడు చేయవలెను. దానిలో 6 గ్రాముల మాంసకృత్తులు కలవు.

మగవారికి ఒక మాట. గటక కలియబెట్టుటకు, గ్రుడ్లు ఉడికించుటకు పెద్ద నేర్పు అక్కరలేదు. ట్రాక్టరు నడుపు చేతులు తెడ్డు పట్టలేవా? అందరి తరువాత తినునది ఆ ఇల్లాలే. అడుగున మిగిలినదే ఆమె వంతు. ముందు ఆమెకు వడ్డించి చూడుడు.

ఇక జొన్నలు. పత్తి వచ్చిన తరువాత చాల ఇండ్లలో వీనిని కొనుక్కొని తినుచున్నారు. యాసంగిలో పావు ఎకరము జొన్న వేసిన, పిట్టలు తిన్నది పోగా మిగిలినది మరుసటి పత్తి ఏరుడు నాటికి ఇంటనుండును. గింజలను బాగుగా ఎండబెట్టి దాచుకొని, దసరా ముందు నుండి నెలకు సరిపడినంత మాత్రమే రవ్వ పట్టించుకొనవలెను. ఎక్కువైన పురుగు పట్టును.