వెనక్కి వచ్చే లారీకి కళ్ళెవరు?



కట్టడం సైటులో వెనక్కి వస్తున్న లారీ కింద కూలీ నలిగిపోతే మరునాడు వినబడే మాట ఒక్కటే: "డ్రైవరు చూసుకోలేదు." మేస్త్రీ అదే అంటాడు, కాంట్రాక్టరు అదే అంటాడు. బిల్డరు పేరు ఎవరి నోటా రాదు.

డ్రైవరు ఎలా చూస్తాడు? కంకర నిండిన టిప్పరుకు సరిగ్గా వెనక ఉన్న మనిషి పక్క అద్దాల్లో కనబడడు. వంగి తట్ట ఎత్తే ఆడమనిషి అసలే కనబడదు. మిక్సరు మోతలో హారను వినబడదు. ఇది తలరాత కాదు. వెనక నిలబడి సైగ చేసే మనిషిని పెడితే ఒక కూలి ఇవ్వాలి. ఆ ఒక్క కూలి మిగుల్చుకోవడానికి మన ప్రాణం పణంగా పెడుతున్నారు.

మిల్లు కార్మికులకు ఈ గొడవ ఎందుకు అంటారా? 1982 సమ్మె తరువాత మూతబడ్డ బొంబాయి మిల్లుల నేల మీద మాల్సు, టవర్లు లేచాయి. బొంబాయి కట్టడాల్లో పాలమూరు కూలీల చెమట ఉంది. వాళ్ళు మనవాళ్ళే. భివండీ, షోలాపూరు సాంచాల షెడ్ల ముందు నూలు దింపే లారీ కూడా అలాగే వెనక్కి వస్తుంది. హమాలీ దాని వెనకే ఉంటాడు.

చట్టం లేక కాదు. సైటులో తిరిగే బండ్లకు రివర్సు అలారం ఉండాలని నిర్మాణ కార్మికుల కేంద్ర నిబంధనలు 1998లోనే చెప్పాయి. తన వ్యాపారపు పనిని కాంట్రాక్టుకు ఇచ్చినా, గాయపడ్డ కూలీకి పరిహారం అసలు యజమానే ఇవ్వాలని 1923 నాటి చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న పాత చట్టాలను కొత్త కోడ్లలో కలిపేశారు, కాని ఆ బాధ్యత పోలేదు. "వాడు కాంట్రాక్టరు మనిషి" అనే సాకు చెల్లదు.

అలారం ఒక్కటే చాలదు. నాలుగు బండ్లు రోజంతా కూస్తుంటే చెవి పట్టించుకోవడం మానేస్తుంది. కాబట్టి మన డిమాండ్లు:

1. సైగ చేసే మనిషి లేనిదే బండి వెనక్కి కదలరాదు. అతను కనబడకపోతే డ్రైవరు వెంటనే ఆపాలి.

2. మనుషుల దారి వేరు, బండ్ల దారి వేరు ఉండాలి. వీలున్న చోట బండి ఒక గేటున వచ్చి ఇంకో గేటున పోవాలి. అప్పుడు వెనక్కి వచ్చే పనే లేదు.

3. ప్రతి కూలీ పేరు ముస్టరులో ఎక్కాలి. పేరు లేనివాడు చచ్చినా లెక్కలోకి రాడు.

డ్రైవరూ కార్మికుడే. అతన్ని జైలుకు పంపి బిల్డరును వదిలేస్తే రేపు మరో లారీ అలాగే వెనక్కి వస్తుంది. ఒక్కడు అడిగితే గేటు బయటికి గెంటుతారు. అందరం కలిసి పని ఆపితే సైగ మనిషి ఆ పూటే వస్తాడు.

కూలీల ప్రాణాలతో చెలగాటం ఆపాలి!
కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!