మీరేమవుతారు?

మొన్న ఒక పెళ్లిలో, బంతిలో నా పక్కన కూర్చున్న రిటైర్డ్ పెద్దమనిషి గారె తుంచుకుంటూ తీర్పు చెప్పేశారు. "జనంలో మానవత్వం చచ్చిపోయిందండీ. రోడ్డు మీద మనిషి పడి కొట్టుకుంటుంటే వీడియోలు తీస్తున్నారు." చుట్టూ తలలన్నీ ఊగాయి. టీవీల్లోనూ రోజూ ఇదే పాట. వింటే నాకు ఒళ్లు మండుతుంది. వీడియోలు తీసేవాళ్లు ఉన్నారు, ఎప్పుడూ ఉంటారు. కానీ పడ్డవాణ్ణి ఎత్తి ఆటోలో వేసేవాళ్లకు మన దగ్గర ఏనాడూ కరువు లేదు. ఆ ఎత్తినవాణ్ణి తర్వాత మనం ఏం చేశామో, అది చెప్పండి ముందు.

నాలుగేళ్ల కిందట సూర్యాపేట దాటాక బైకు మీంచి పడ్డ కుర్రాణ్ణి కారులో వేసుకుని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. చెవిలోంచి రక్తం కారుతోంది. కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండా అడిగిన మొదటి మాట: "మీరేమవుతారు?" ఏమీ కామన్నాం. "మరి అడ్వాన్సు ఎవరు కడతారు? సంతకం ఎవరు పెడతారు?" కట్టాం, పెట్టాం. రిజిస్టరులో 'తీసుకొచ్చినవారు' అన్న గడిలో నా పేరు, మా నాన్న పేరు, ఫోను నంబరు ఎక్కాయి. కుర్రాడు బతికాడు. వారానికి స్టేషను నుంచి ఫోను: "ఓసారి వచ్చిపోండి." మూడుసార్లు వెళ్లాను. మూడోసారి హెడ్డుగారు "అసలు గుద్దింది మీ కారేనేమో" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. హైవే మీద గుంపు కనిపిస్తే మా డ్రైవరు ఇప్పటికీ స్పీడు పెంచుతాడు. వాడిలో ఏం చచ్చిందంటారు?

చట్టం లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. ముందు ప్రాణం నిలపండి, లాంఛనాలు తర్వాత చూసుకోండని పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కేసులో 2016 మార్చి 30న, సాయపడినవారిని వేధించొద్దన్న మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షన్ చేర్చారు. సద్బుద్ధితో చేసిన సాయంలో పొరపాటు దొర్లినా సివిల్ కేసూ లేదు, క్రిమినల్ కేసూ లేదు. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు కూడా బలవంతపెట్టకూడదని 2020 నిబంధనలు. ఈ హక్కులన్నీ స్థానిక భాషలో కూడా రాసి ఆసుపత్రులు అందరికీ కనబడేచోట బోర్డు పెట్టాలి. చెప్పులు బయట విడవమన్న బోర్డు చూశాను, బీమా కంపెనీల జాబితా చూశాను. ఈ బోర్డు మాత్రం నా కంట పడలేదు.

పైగా బహుమతి ఒకటి! 2021లో 5 వేలు ప్రకటించి, 2025లో 25 వేలు చేశారు. అది చేతికి రావాలంటే పోలీసుల కాగితం, జిల్లా కమిటీ పరిశీలన. స్టేషను గుమ్మం తొక్కడానికే జంకేవాడి బహుమతిని తీసుకెళ్లి స్టేషనులోనే పెట్టారు.

ఇంకో సంగతి. 134-ఎ వాహన ప్రమాదాలకే. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుణ్ణో, మోటారు దగ్గర షాకు కొట్టిన రైతునో భుజాన మోసుకెళ్లినవాడికి ఆ సెక్షన్ అక్కరకు రాదు. దాన్ని విస్తరించాలి. "మీరేమవుతారు" అని అడిగి వైద్యం ఆపిన ఒక్క ఆసుపత్రికైనా శిక్ష పడాలి. ఎలాగన్నది వకీళ్లు తేల్చనీ.

పెద్దమనిషిగారూ, మీకో మనవి. రేపు బీపీ చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తారుగా, గుమ్మం దగ్గర ఆ బోర్డు ఉందేమో చూడండి. లేకపోతే ఎందుకు లేదని అడగండి.